మారని ఐదేళ్లు

రిటైరైన టీచర్ని కదిలిస్తే తాను పైకి తెచ్చిన పిల్లల గురించి చెప్పుకొస్తారు. నేను మాత్రం నా నోట్సుతో దాదాపు ముంచేసిన ఒక అమ్మాయి గురించి చెప్తాను. మీలో కొత్తగా చాక్‌పీసు పట్టుకుంటున్నవాళ్లు చదవాలని రాస్తున్నాను. నేను చేసిన తప్పు మీరూ చేస్తారు, అందులో నాకు అనుమానం లేదు. చేస్తున్నప్పుడు కనీసం మీకు తెలియాలని నా ఆశ.

మాది కోస్తా జిల్లా. పెళ్లయ్యాక మీర్‌పేట్‌లో స్థిరపడ్డాం. ఇంగ్లీషు ఎం.ఏ. సర్టిఫికెట్టు బీరువాలో కొన్నాళ్లు మగ్గాక, ఇబ్రహీంపట్నం పక్కన శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు మేడం అంటే పెళ్లివారింట్లో అరువు తెచ్చిన కుర్చీ లాంటిది. అవసరానికి అందరూ కూర్చుంటారు, ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసు నాకే పడేది. కాలేజీ మేగజైన్‌లో అచ్చుతప్పులు పడితే మాట పడేదీ నేనే.

పిల్లలు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు. తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు. ఇంగ్లీషులో నోరు విప్పమంటే మాత్రం బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వంగిపోయేవాళ్లు. వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్. పేరే అంత పొడుగు. ఎప్పుడో మొదలైన పని ఇంకా జరుగుతూ ఉంటే అది వాడాలి అని చెప్పేదాన్ని. తల ఊపేవాళ్లు, పరీక్షలో తప్పు రాసేవాళ్లు.

చేరిన రెండో ఏడు అనుకుంటాను. మంచాల వైపు నుంచి వచ్చే ఒక కుర్రాణ్ని, క్లాసుకు రోజూ ఎందుకు ఆలస్యమని గట్టిగా అడిగాను. 

"బాపుతోని పొలం కాడికి పోయొస్త మేడం. ఐదేండ్ల సంది పోతున్న," అన్నాడు.

కోపం ఎటుపోయిందో పోయింది. వెనక్కి తిరిగి బోర్డు మీద ఆ మాటనే ఇంగ్లీషులో రాశాను. ఐ హావ్ బీన్ హెల్పింగ్ మై ఫాదర్ ఇన్ అగ్రికల్చర్ ఫర్ ద పాస్ట్ ఫైవ్ ఇయర్స్. ఐదేళ్ల క్రితం మొదలైంది, ఇవాళ పొద్దున కూడా జరిగింది, రేపూ జరుగుతుంది. క్లాసంతా ఒక్కసారిగా వెలిగింది. తమకు తెలిసిన బతుకు బోర్డు మీద కనబడితే ఎందుకు అర్థం కాదు? ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చారు, బోర్డు మీద అదే వాక్యం రాశాను. ఆ పై ఏడు నోట్సులోకి ఎక్కించాను. క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలయ్యాక, మాట పెగలని పిల్లలు ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా అని ఒక పేజీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాసిచ్చాను. నా ముద్దుల వాక్యం అందులోనూ చేరింది. ఆ పేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు చేరింది. ఇంటర్వ్యూల కాలంలో ఎవరైనా షాపు ముందు నిలబడితే చాలు, "మేడం పేపరేనా?" అని షాపతను అడిగి మరీ తీసిచ్చేవాడట. ఆ సంగతి తెలిసి నేను గర్వపడ్డాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఎలక్ట్రికల్ బ్రాంచి. ఇబ్రహీంపట్నం నుంచి షేర్ ఆటోలో వచ్చేది. రెండో బెంచీలో గోడవైపు కూర్చునేది. పాఠం వింటున్నంతసేపూ చేతులు చున్నీ కింద దాచుకునేది. చలేమో అనుకునేదాన్ని. ఎండాకాలంలో కూడా దాచుకుంటుందని గమనించినా ఎందుకని అడగలేదు. అరవై మందిలో ఒకరి చేతుల గురించి ఎవరు అడుగుతారు?

ఆమె ఫైనల్ ఇయర్ చివర్లో, పంపులు, మోటార్లు తయారుచేసే ఒక కంపెనీ క్యాంపస్‌కి వచ్చింది. ఆ కంపెనీ ఏటా వస్తుంది, ముగ్గురినో నలుగురినో తీసుకుంటుంది. ఎలక్ట్రికల్ చదివిన పిల్లలకు ఎలక్ట్రికల్ పని ఇచ్చే కంపెనీ మాకు అదొక్కటే. మిగతావన్నీ కంప్యూటర్ పరీక్ష పెట్టేవి, ఆ అమ్మాయి అప్పటికే వాటిలో మూడుసార్లు తప్పింది. ఇదీ పోతే ఒకటో తారీకు నుంచి హయత్‌నగర్‌లో బట్టల షోరూంలో చేరాలి. వాళ్లన్న మాట్లాడి పెట్టేశాడు. ఈ విషయాలు నాకు ముందురోజు కారిడార్‌లో తనే చెప్పింది.

"గిదొక్కటి అయితె చాలు మేడం. మోటార్ల పని అయితె నాకు వస్తది," అంది.

నేను ఏమన్నానో తెలుసా? "పేపర్ బాగా బట్టీ పట్టావా?" అన్నాను.

"అవ్ మేడం. మొత్తం వచ్చింది," అంది.

ఇంటర్వ్యూ గదిలో పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచే డ్యూటీ నాది. వెనక మూల కుర్చీలో కూర్చున్నాను. కంపెనీ తరఫున వచ్చినాయన యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. నాలుగేళ్లుగా ఆయనే వస్తున్నాడు. మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి, మీకు తెలుగులో చెప్తున్నాను.

మొదటి కుర్రాడు నా పేజీ అప్పజెప్పాడు. రెండోవాడూ అదే. మూడో అమ్మాయి వచ్చేసరికి ఆయన ఒక వాక్యం ముందుగానే పెదవులు కదపడం చూశాను. ఐదోవాడి తండ్రి ఆర్టీసీ డ్రైవరని నాకు తెలుసు. వాడూ ఐదేళ్లుగా తండ్రికి వ్యవసాయంలో సాయం చేస్తున్నానన్నాడు.

ఏడో పేరు ఆ అమ్మాయిది. ఇస్త్రీ చేసిన నీలం చుడీదార్ వేసుకుని వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, గుక్క తిప్పుకోకుండా పేజీ మొత్తం తప్పు లేకుండా చెప్పింది. నా వాక్యం దగ్గర కూడా తడబడలేదు. మామూలుగా అయితే మురిసిపోయి ఉండేదాన్ని.

ఆయన కళ్లజోడు కిందికి దించాడు. "ఏం పంట?"

"వరి, సార్."

"ఈ యాసంగి పంటకు ఎన్ని ఎకరాలు వేశారు?"

ఆమె నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. "మూడు, సార్."

"నాట్లు ఎప్పుడు పడ్డాయి?"

ఆమె చున్నీ అంచు వేళ్లకు చుట్టుకుంది. ఆయన గొంతు తగ్గించి తెలుగులోకి వచ్చాడు.

"నిజం చెప్పమ్మా. మీకు పొలం ఉందా?"

"లేదు సార్."

"మాకు కావలసింది మోటార్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాళ్లు. చూడకుండా చూశానని చెప్పేవాళ్లను ఆ పనిలో పెట్టుకోలేం. వెళ్లిరా."

ఆమె లేచి నమస్కారం పెట్టింది. అప్పుడు కూడా చేతులు సగం చున్నీలోనే ఉన్నాయి. తలుపు దగ్గర నన్ను దాటుకుంటూ వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆయన నావైపు తిరిగాడు. "నాలుగేళ్లుగా వస్తున్నాను మేడం. మీ కాలేజీలో ఎవరిని అడిగినా ఐదేళ్లుగా నాన్నకు సాయం చేస్తున్నామంటారు. ఒక్కరికైనా నాలుగేళ్లు కాదు, ఒక్కరికైనా ఆరేళ్లు కాదు. ఇదేం లెక్క?"

లంచ్ బెల్ కొట్టారు, బతికిపోయాను. కారిడార్‌లోకి వచ్చి ఆ అమ్మాయి కోసం చూశాను. ఆటో ఎక్కి వెళ్లిపోయిందన్నారు. ఎలక్ట్రికల్ ల్యాబ్ అసిస్టెంట్ గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. ఇబ్రహీంపట్నం మనిషే, నాకన్నా సీనియర్.

"ఏమైంది మేడం, గా పిల్లకు రాలేదా?" అన్నాడు. జరిగింది చెప్పాను.

ఆయన గ్లాసు కిటికీలో పెట్టేశాడు. "పొలమేంది మేడం? ఆళ్లది మోటర్ వైండింగ్ దుకాణం, కాలిన మోటర్లకు రాగితీగ మల్ల చుడ్తరు. బస్టాండ్ ఎనకాల. తండ్రికి చేతులు వణుకుతున్నయి, ఇప్పుడు పనంత గీ పిల్లనే చేస్తది. పోయినేడు మన ల్యాబ్ల మోటర్ కాలిపోతె చుట్టింది గామెనే. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చున్న పిల్ల గురించి నాకు తెలిసిందల్లా చున్నీ.

ప్రిన్సిపాల్ గదిలో భోజనాలు పెట్టారు. నేరుగా వెళ్లి ఆ పెద్దమనిషి ఎదురుగా నిలబడ్డాను. మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నా ముఖం చూడగానే ప్రమాదం పసిగట్టాడు. "మేడం, జర ఊకోర్రి, సార్ తింటున్నరు," అన్నాడు. నాకు కోపమొస్తే ఊరుకోవడం చేతకాదు. ఆ రోజు కోపం నా మీదే కాబట్టి అసలు చేతకాలేదు.

"ఆ వాక్యం ఆ పిల్లలది కాదండి, నాది," అన్నాను. "ఎప్పుడో ఒక అబ్బాయి చెప్పిన నిజం. నేను దాన్ని ఒకే కొలత చొక్కాలా అందరికీ కుట్టేశాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, నేను చెప్పమన్నది చెప్పింది. ఆమెకు మోటార్లు చుట్టడం వచ్చు."

ఆయన ముద్ద కలుపుతూనే విన్నాడు. "మీరు చెప్పారు, నేను విన్నాను. ఆమె నోటి నుంచి వినలేదు కదా. మేం నాలుగింటికి బయల్దేరతాం."

అప్పటికి రెండు కావస్తోంది. ల్యాబ్ అసిస్టెంట్ బండి తీశాడు. మోటార్‌సైకిల్ వెనక సీటు మీద నేను ఎక్కి అప్పటికి ఇరవయ్యేళ్లు దాటింది. పట్టుచీరలో, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, గేటు దాటుతుంటే జిరాక్స్ షాపతను నోరు తెరుచుకుని చూశాడు. తిరిగొచ్చాక నీ సంగతి చూస్తానని మనసులో అనుకున్నాను.

దుకాణం బస్టాండ్ వెనక సందులో ఉంది. ఒక షట్టరు, లోపల రాగితీగ చుట్టలు, విప్పదీసిన మోటార్లు. గోడ నిండా చాక్‌పీసుతో రైతుల ఫోన్ నంబర్లు. ఆ అమ్మాయి అదే నీలం చుడీదార్ మీద పాత చొక్కా తొడుక్కుని, నేల మీద కూర్చుని ఒక మోటారు లోపలికి చేతులు పెట్టి ఉంది. అప్పుడు చూశాను ఆ చేతుల్ని. వేళ్ల చివర్లు వార్నిష్‌తో గోధుమరంగు తిరిగి ఉన్నాయి. తీగ కోసిన సన్నటి గీతలు వేళ్ల మడతల్లో నల్లగా ఉండిపోయాయి.

నన్ను చూసి లేవబోయింది. లేవొద్దన్నాను. వాళ్ల నాన్న స్టూలు తుడిచి, "కూసోర్రి మేడం," అన్నాడు. ఆ గుడ్డ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. దాన్ని ఇంకో చేత్తో పట్టి ఆపుకున్నాడు.

"ఎందుకమ్మా, నీ సంగతే చెప్పొచ్చు కదా?" అన్నాను. గొంతులో నాకే తెలియని నిష్ఠూరం ఉంది, సిగ్గులేకుండా.

ఆమె తీగల మీద నుంచి చూపు తియ్యలేదు. "సెకండ్ ఇయర్ల రాసిన మేడం. అసైన్‌మెంట్ల. తొమ్మిదో తరగతి సంది బాపుతోని మోటర్లు చుడుతున్న అని. మీరు ఎర్రపెన్నుతోని కొట్టేసిన్రు. నోట్సుల ఉన్నది రాయుమని రాసిన్రు."

గుర్తొచ్చింది. పూర్తిగా గుర్తొచ్చింది. కాలేజీ బస్సులో ఒళ్లో కట్ట పెట్టుకుని దిద్దిన కాగితాలవి. వాక్యంలో ఏ తప్పూ లేదు. నోట్సులో లేదు, అంతే. అది చూసి ఈ పిల్ల కొత్తగా ఏదో అంటోందని ఒక్క క్షణం ఆగి ఉంటే నాకు ఆమె చేతులు రెండేళ్ల ముందే కనబడేవి. నేను గీత కొట్టి తరువాతి కాగితం తీశాను. సర్వీసు మొత్తంలో ఎన్ని ఎర్రగీతలు కొట్టానో నాకే తెలియదు. ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

"నాదే తప్పు," అన్నాను. ఒక స్టూడెంట్‌తో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. "పద, ఆయన నాలుగింటిదాకా ఉంటాడు. నీ వాక్యం నువ్వు చెప్పు."

ఆమె ముఖం మారింది, కానీ చేతులు ఆగలేదు. "గీ కాక పొద్దటి సంది కూసున్నడు మేడం," అంది. అప్పటిదాకా మూలలో గోనెసంచి మీద కూర్చున్న రైతును నేను గమనించలేదు. "పొలం ఎండుతున్నది. రాత్రే చుట్టి పెట్టిన, గీ కొసలు కలిపి తాడు కట్టాలె. బాపుతోని కాదు. ఇది ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

రైతు అడ్డం పడ్డాడు. "పో బిడ్డా, కొలువు ముఖ్యం. నేను రేపొస్త."

"రేపటికి మడి పగుల్తది కాకా. ఊకో," అంది. 

ఆ పిల్లకు ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు తెలుసు. ముందురోజు కారిడార్‌లో ఆ ముఖం చూశాను. అయినా కదల్లేదు. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. గడియారం వైపు చూడటం తప్ప నాకు పని లేదు. ఫోన్ మోగుతోంది, అవతల మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్. "మేడం, మీరు ఏడున్నరు? నా పరువు తీస్తరా?" అన్నాడు. తీస్తాననే చెప్పాను.

వాళ్ల నాన్న దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "మేడం, ఆమె ఇంగ్లీషుల ఏమని చెప్పాలె? ఒకపారి చెప్పుర్రి. చేతులతోని పని చేసుకుంటనే నేర్చుకుంటది."

హ్యాండ్‌బ్యాగులో చాక్‌పీసు ఎప్పుడూ ఉంటుంది, అది మా జాతి లక్షణం. గోడ మీద ఫోన్ నంబర్ల మధ్య కాస్త జాగా చూసి రాశాను. ఐ హావ్ బీన్ వైండింగ్ మోటార్స్ ఫర్ సెవెన్ ఇయర్స్. ఏడు మాత్రం అంకె వేశాను.

"ఏడేండ్ల సంది చుడుతున్న అని," ఆమె తండ్రికి చెప్పింది. ఆయన గోడ వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

మన తెలుగులో ఈ టెన్సు లేదని ఎన్నో ఏళ్లు క్లాసులో చెప్పాను. ఆ షట్టరు కింద కూర్చున్న గంటసేపట్లో ముగ్గురు మనుషులు దాన్ని ఎన్నిసార్లు వాడారో. రైతు పొద్దటి సంది కూర్చున్నాడు. తండ్రికి రెండేండ్ల సంది చేతులు వణుకుతున్నాయి. మోటారు మూడు దినాల సంది మూలపడి ఉంది. సంది అన్న రెండక్షరాలతో వాళ్లు సుఖంగా కానిచ్చేస్తున్నారు. నేను దాన్నొక కొండలా చూపించి, ఎక్కడానికి నా కాగితం అద్దెకిచ్చాను.

మూడున్నర దాటాక ఆమె తాడు చివరి ముడి వేసి పళ్లతో తెంపింది. బల్బు పెట్టి లీకేజీ చూసింది. "బాపు, వార్నిష్ పోసి ఎండకు పెట్టు," అని లేచింది. చేతులు కిరోసిన్‌లో ముంచి తుడుచుకుంది, రంగు పోలేదు. ఒకే బండి మీద ముగ్గురం. అది చట్టవిరుద్ధమని తెలుసు, మీరు చేయకండి.

మేము వెళ్లేసరికి కంపెనీ కారు గేటు దగ్గర ఉంది. ఆయన ఒక కాలు లోపల పెట్టి మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో మాట్లాడుతున్నాడు. పాపం, ఆ ఆఫీసర్ నన్ను తిట్టుకుంటూనే ఆయన్ని పది నిమిషాల నుంచి మాటల్లో పెట్టి ఆపాడు. అది తరువాత తెలిసింది. మనుషుల గురించి ఇంత పొరపాటు పడే నేను సాహిత్యం చదువుకున్నాను.

"ఆలస్యమైంది," అన్నాడు పెద్దమనిషి ఇంగ్లీషులో.

ఆమె వాక్యం చెప్పింది. పొద్దున్నలా గుక్క తిప్పుకోకుండా చెప్పలేదు. మధ్యలో ఆగింది, 'ఏడేళ్లు' దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పింది. తరువాత ఇంగ్లీషు అందక, "రైతు కూసున్నడు సార్. పని అయినంక వచ్చిన," అంది.

ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. ఈసారి చున్నీ అడ్డం లేదు. "కాలిపోయిన మోటారు వచ్చింది. నేమ్‌ప్లేటు లేదు. ఎన్ని చుట్లు చుట్టాలో ఎలా తెలుస్తుంది?"

"పాత కాయిల్ కోసి లెక్కపెడ్త సార్."

"అంతేనా?"

"అంతే కాదు సార్. ముందు చుట్టినోడు తప్పు చుట్టిండొచ్చు. గందుకే కాలిందేమో. పాతది చూసి అట్లనే చుట్టొద్దు. కోర్ కొలుచుకొని మల్ల మన లెక్క మనం చేసుకోవాలె."

ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర, అంత మంది మధ్య, ఆ మాట నాకు తగిలినట్టు ఇంకెవరికీ తగిలి ఉండదు. ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు. మోటారు గురించే అంది.

ఆయన కారు తలుపు మూసి బానెట్ మీద ఫైలు పెట్టాడు. పొద్దున కొట్టేసిన పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం ఇచ్చానని అనలేదు. కబురు చేస్తామన్నాడు. మూడు వారాలు కబురు లేదు. ఆ మూడు వారాల్లో ఒకటో తారీకు వచ్చింది, ఆమె హయత్‌నగర్ షోరూంలో చేరి చీరలు మడతపెట్టింది. ఇరవై రెండో రోజు పొద్దున ఫోన్ చేసింది.

"మేడం, రమ్మన్నరు. టెస్టింగ్‌లనే. ముందు ఆర్నెల్లు ట్రైనింగ్ అంట," అని, "షోరూంల చెప్పి వస్తున్న," అంది.

ఆ వారమే జిరాక్స్ షాపుకు వెళ్లి నా పేపరు ఆపేయమన్నాను. అతను జాలిగా చూశాడు. "మీరు ఆపమంటె ఆగుతదా మేడం? ఫోన్లల్ల తిరుగుతున్నది," అన్నాడు. ఇప్పటికీ ఎక్కడో ఎవరో ఐదేళ్లుగా నాన్నకు సాయం చేస్తూనే ఉంటారు, ఆ పాపం నాదే.

క్లాసులో మాత్రం ఆ వాక్యం మళ్లీ రాయలేదు. ఎవరిది వాళ్లే రాయాలని చెప్పాను. మొదటి రోజు గంట మొత్తం పెన్నుల మూతలు తీసి పెడుతూ గడిపారు, మాకు చెప్పుకోవడానికేముంది మేడం అన్నారు. తరువాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఒక అమ్మాయి పదేళ్లుగా చర్చిలో కీబోర్డు వాయిస్తోంది. ఆ ఆర్టీసీ డ్రైవరు చిన్నకొడుకు ఆరో తరగతి నుంచి వాళ్లమ్మకు చదవడం నేర్పిస్తున్నాడు. చివరి బెంచీ వీరుడొకడు మూడు సెమిస్టర్లుగా మ్యాథ్స్ తప్పుతున్నానని రాశాడు. తప్పు లేని వాక్యం, టిక్కు పెట్టక తప్పలేదు. సిలబస్ వెనకబడి నాకు మెమో వచ్చింది. దాన్ని ఫైల్లో భద్రంగా దాచుకున్నాను, నాకు వచ్చిన అవార్డుల్లో అది ఒకటి.

రిటైరై ఏడాది దాటింది. ఈ జూన్‌లో మా ఇంట్లో సంపు మోటారు కాలిపోయింది. మీర్‌పేట్‌లో మెకానిక్ పారేయమన్నాడు. నేను దాన్ని సంచిలో పెట్టుకుని ఆదివారం పూట ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. మోటారు వంకే అనుకోండి.

ఆమె అక్కడే ఉంది. కంపెనీ పని వారమంతా, దుకాణం ఆదివారం. చేతుల రంగు అలాగే ఉంది, దాచుకోవడం మాత్రం లేదు. వాళ్ల నాన్న నన్ను గుర్తుపట్టి గోడ వైపు చూపించాడు.

నా వాక్యం అక్కడే ఉంది. చాక్‌పీసు చెరిగిపోతుందని ఆయన మోటార్లకు వేసే ఆకుపచ్చ పెయింటుతో అక్షరాల మీదుగా దిద్దాడట. చదవడం రాని మనిషి, వణికే చెయ్యి. ప్రతి అక్షరమూ వంకర్లు పోయింది, ఒక్కటీ వదల్లేదు. అంకె ఉన్నచోట మాత్రం పెయింట్ వెయ్యలేదు. అక్కడ చాలాసార్లు తుడిచిన తెల్లటి మరక, దాని మీద చాక్‌పీసుతో పదకొండు.

"ఏటేట మారుస్తది," అన్నాడాయన. "గది పెయింటుతోని కాయం చేయొద్దంట."

ఆమె లేచి కిటికీలో నుంచి చాక్‌పీసు ముక్క తెచ్చింది. "తొమ్మిదో తరగతిల బడి తెరిచిన దినమే మొదలువెట్టిన మేడం. మొన్న బడులు తెరిచిన్రు. ఇంక మార్చలేదు. మీరు మార్చుర్రి."

అరచేత్తో పదకొండు తుడిచి పన్నెండు వేశాను. మిగతా వాక్యంలో నేను దిద్దాల్సింది ఏమీ లేదు.